క్లారినెట్ ఒక్కటే వినిపించిన మధ్యాహ్నం

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎవరైనా వచ్చి సలహా అడిగితే, గొంతు జాగ్రత్తగా చూసుకోమని, గోరువెచ్చటి నీళ్ళు తాగమని చెప్పి తప్పించుకుంటాను. పిల్లల గురించి మాత్రం ఏమీ చెప్పను. జీవితమంతా పిల్లలకు సంగీతం నేర్పి రిటైరైన మనిషికి పిల్లల సంగతి తెలియదంటే ఎవరూ నమ్మరు. నిజానికి తెలుసనే అనుకునేదాన్ని. దోహాలో ఒక శీతాకాలపు మధ్యాహ్నం ఆ నమ్మకం పోయింది, మళ్ళీ రాలేదు. ఇది ఆ మధ్యాహ్నం సంగతి. దీంట్లోంచి మీకు పనికొచ్చే నీతి ఏదైనా దొరికితే మంచిదే. నాకైతే దొరకలేదు.

తొంభైల మొదట్లో మా ఆయన ఉద్యోగం కోసం ఖతార్ వెళ్ళాం. మాది కృష్ణా జిల్లా. మిషన్ హాస్టల్లో చదువుకున్న రోజుల్లో నేర్చుకున్న పియానో, స్వరాలు రాయడం, చదవడం – నా దగ్గరున్న విద్య అంతే. మన దేశం పిల్లల కోసం నడిచే ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరాను. ప్రార్థన గీతాలు, స్వాతంత్ర్య దినోత్సవం పాటలు, వార్షికోత్సవం డాన్సులకు హార్మోనియం. హాయిగా సాగిపోయే ఉద్యోగం. చేరిన రెండో ఏడు ప్రిన్సిపాల్ పిలిచి బ్యాండు కూడా చూసుకోమన్నారు.

బ్యాండంటే అక్కడ చిన్న విషయం కాదు. దోహాలోని మన స్కూళ్ళన్నిటికీ కలిపి ఏటా ఒక పోటీ జరిగేది. స్టేడియంలో, తల్లిదండ్రులందరి ముందు. గెలిచిన స్కూలుకు షీల్డు. మా ప్రిన్సిపాల్ గదిలో గాజు బీరువా నిండా కప్పులున్నాయి కానీ ఆ షీల్డు లేదు. వరసగా రెండో స్థానమే వస్తోంది. తల్లిదండ్రులు పిల్లల్ని స్కూళ్ళు మార్పించేటప్పుడు లెక్కల మార్కులతోపాటు ఆ షీల్డు సంగతి కూడా మాట్లాడుకునేవారు. ఊరుకాని ఊళ్ళో మనుషులకు గొప్ప చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

నాకు స్వరాలొచ్చు, నడక రాదు. నడిపించడానికి ప్రిన్సిపాల్ ఒక మాస్టారిని తెచ్చారు. ఆయనది కరీంనగర్ వైపు. మిలిటరీ బ్యాండులో పనిచేసి రిటైరై, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపరుగా ఖతార్ వచ్చారు. ఊరి చివర మెసైమీర్‌లో కంపెనీ క్యాంపు, అంటే పనివాళ్ళ బస. డ్యూటీ దిగాక కంపెనీ పికప్‌లో వచ్చి మా స్కూలు గేటు దగ్గర దిగేవారు. వీసా ఒక కంపెనీది, పని ఇంకొక చోట. అది చట్టప్రకారం కుదరదని, బయటపడితే దేశం నుంచి పంపేస్తారని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ మాట్లాడేవారు కాదు. ప్రిన్సిపాల్‌తో నోటిమాట మీద జరిగిన ఏర్పాటు అది.

మనిషి పొట్టిగా, ఛాతీ విరిచి నడిచేవారు. పిల్లలతో హిందీ, నాతో తెలంగాణ తెలుగు. కోపం ఎక్కువ, గొప్పలు ఇంకా ఎక్కువ. ఆయన వాయిస్తే ఏ జనరల్ కళ్ళు తుడుచుకున్నాడో, ఏ మంత్రి కారాపి విన్నాడో రోజుకొకటి చెప్పేవారు. డ్రమ్ము తోలు వదులైతే అది గాలిలో తడి వల్ల కాదు, ఎవడో గెలికాడు. ట్రంపెట్‌కు సొట్ట పడితే ఎవడో కావాలని పడేశాడు. అయితేనేం, పిల్లలకు ఆయనంటే ప్రాణం. స్కూలు వెనక నుంచి అల్ తుమామా వైపు అప్పట్లో అంతా ఖాళీ నేలే. ఆ ఇసుకలో వాళ్ళను గంటలు గంటలు నడిపించేవారు. ఒక్కళ్ళు విసుక్కోలేదు.

“మొదలువెట్టుడు ఎవనికైనా వస్తది మేడం,” అనేవారు నాతో. “ఆపుడే రాదు. అందరు ఒక్కపారి ఆపాలె. ఒక్కడు గూడ ఎనక మిగలొద్దు. గప్పుడే బ్యాండు.”

ఆపడం మీదే సగం ప్రాక్టీసు జరిగేది. వాయిస్తూ వాయిస్తూ చెయ్యి ఎత్తగానే గాలి కూడా బిగుసుకున్నట్టు నిశ్శబ్దం. నాకు ఒళ్ళు జలదరించేది.

ఇక ఆ అమ్మాయి. పదకొండో తరగతి. కళ్ళద్దాలు, సన్నటి పొడుగు మనిషి, తలొంచుకు నడిచే రకం. వాళ్ళది గోదావరి జిల్లా, అమలాపురం దగ్గర. వాళ్ళ నాన్న ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. దోహా పక్కనున్న అల్ వక్రాలో కాపురం. అక్కడ సెలవురోజైన శుక్రవారం జరిగే మా తెలుగు క్రైస్తవుల ప్రార్థనకు వాళ్ళూ వచ్చేవారు కాబట్టి ఆ కుటుంబం నాకు ముందే తెలుసు. ఆ అమ్మాయి మాట్లాడితే పక్కవాళ్ళకు కూడా వినపడదు. క్లారినెట్ నోట పెట్టుకుంటే మాత్రం వేరే మనిషి. నేను నేర్పింది కొంచెం, మాస్టారు నేర్పింది కొంచెం. మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇద్దరికీ తెలియదు.

ఆ ఏడు డ్రమ్ మేజర్‌గా, అంటే ముందు కర్ర పట్టుకొని బ్యాండును నడిపించే పిల్లవాడిగా, పన్నెండో తరగతి అబ్బాయిని మాస్టారు ఎంచుకున్నారు. చురుకైనవాడు, చదువులో మొదటివాడు, టీచర్లందరికీ ఇష్టుడు. అది తెలిసి అమ్మాయి నాన్న స్కూలుకు వచ్చాడు. కూతురికి ఆ కర్ర దక్కాలని ఆయన ఆశ. అమ్మాయికి అలాంటి కోరికే లేదు. మైదానంలో పిల్లలందరూ వరసల్లో నిలబడి చూస్తుండగా మాస్టారితో వాదన పెట్టుకున్నాడు. మాట మీద మాట పెరిగింది.

“నువ్వెవడివయ్యా మా పిల్లల్ని ఏరడానికి? ఏ వీసా మీద వచ్చి ఎక్కడ పనిచేస్తున్నావో నాకు తెలియదనుకోకు,” అన్నాడు.

మాస్టారి ముఖం మాడిపోయింది. నేను మధ్యలోకి వెళ్ళి అమ్మాయి నాన్నను పక్కకు తీసుకుపోయాను. కోపం దిగాక ఆయనే సిగ్గుపడ్డాడు. తర్వాతి శుక్రవారం మాస్టారిని ఇంటికి భోజనానికి పిలిచాడు, చేపల పులుసు పెట్టించాడు. మాస్టారు తిరిగొచ్చి ఆ పులుసు గురించి నాలుగు రోజులు చెప్పారు. ఇద్దరి మధ్యా అక్కడితో అయిపోయింది. కానీ పిల్లలు మైదానంలో మాట విన్నారు, భోజనం చూడలేదు.

ఆ ఏటి పాట కోసం నేనూ మాస్టారూ చాలా కష్టపడ్డాం. బ్యాండు జోరుగా లోపలికి వస్తుంది. మైదానం మధ్యలో అర్ధచంద్రాకారంలో నిలబడి ఒక్కసారిగా ఆగుతుంది. ఆ అమ్మాయి రెండడుగులు ముందుకు వచ్చి క్లారినెట్ మీద ఒంటరిగా ఒక నెమ్మది వరస వాయిస్తుంది. చివరి స్వరం దగ్గర డ్రమ్ములు చిన్నగా అందుకుంటాయి, వాటి మీద ట్రంపెట్లు, ఆ తర్వాత అందరూ. అలా పెరుగుతూ పెరుగుతూ మైదానం దాటి వెళ్ళిపోతారు. రిహార్సల్లో అది మొదటిసారి సరిగ్గా కుదిరిన రోజు ప్రిన్సిపాల్ ఆఫీసు కిటికీ తెరిచి నిలబడిపోయారు.

పోటీకి నెలరోజులు లేదనగా ఒక సాయంత్రం మాస్టారు మామూలు బట్టల్లో వచ్చారు. ప్రాక్టీసుకు ఎప్పుడూ ఇస్త్రీ ఖాకీ ప్యాంటుతో వచ్చే మనిషి.

“పోతున్న మేడం,” అన్నారు. “ఎల్లుండి ఫ్లైటు.”

“ఎక్కడికండీ?”

“ఇంటికే. ఫైనల్ ఎగ్జిట్.”

అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేయడం. ఏమైందని అడిగాను. ఆయన జవాబు చెప్పేలోగా పిల్లలు చుట్టూ మూగారు. డ్రమ్ మేజర్ అబ్బాయి ఆయన చెయ్యి పట్టుకొని, ఎందుకు వెళ్ళిపోతున్నారని హిందీలో అడిగాడు. మాస్టారు వాళ్ళందరి ముఖాలూ చూశారు. ఛాతీ కొంచెం విరిచారు.

“కిసీనే బోల్ దియా, బేటా,” అన్నారు. ఎవరో చెప్పేశారు, బాబూ అని.

అంతే. అందరి తలలూ నిమిరారు. ఆ అమ్మాయి తల కూడా నిమిరారు. ఆమె ఏడుస్తోంది. గేటు దాటాక పికప్ ఎక్కి వెళ్ళిపోయారు. నేను వెనక్కి తిరిగేసరికి పిల్లలందరూ ఆ అమ్మాయి వైపు చూస్తున్నారు.

ఆ తర్వాత జరిగిందంతా మెల్లగా జరిగింది. గొడవలేమీ లేవు. గొడవ జరిగితే టీచరుగా నాకు చేతనయ్యేది ఏదో ఉండేది. ఆమె వచ్చి నిలబడితే పక్కవాళ్ళు ఒక అడుగు జరిగేవారు. స్వరాల కాగితం ఇద్దరికొకటి ఉండేది. ఆమెతో పంచుకునే పిల్ల ఒక రోజు తనకు నోటికి వచ్చేసిందని చెప్పి కాగితం ఆమెకే వదిలేసింది. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీ. ఒకనాడు పెట్టె తెరిస్తే క్లారినెట్ రీడు, ఊదే చోట ఉండే ఆ పల్చటి బద్ద, రెండుగా విరిగి ఉంది. ఎవరని అడిగితే అందరూ నా కళ్ళలోకి చూసి, తెలియదు మేడమ్ అన్నారు. నేను స్కూలు బీరువాలోంచి కొత్త రీడు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి థాంక్యూ టీచర్ అని దాన్ని నోట్లో తడుపుకుంటూ నిలబడింది. కళ్ళద్దాలు మసకబారి ఉన్నాయి.

డ్రమ్ మేజర్ అబ్బాయిని విడిగా పిలిచి అడిగాను. ఎంతో మర్యాదగా, ఏమీ లేదు మేడమ్, అందరం బాగానే ఉన్నాం అన్నాడు. బ్యాండునంతా కూర్చోబెట్టి, ఆ అమ్మాయి నాన్న ఎవరికీ ఏమీ చెప్పలేదని, చెప్పి ఉన్నా అందులో ఆమె తప్పేమిటని మాట్లాడాను. వాళ్ళు చాలా శ్రద్ధగా విన్నారు. తలలూపారు. మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు, మంచి ఇళ్ళ పిల్లలు. వాళ్ళు తలూపితే నేను నమ్మాను.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. మాస్టారి సంగతి స్కూలు పేరుతో ముడిపడి పైకి రాకుండా ఎలా చూడాలా అన్న ఆందోళనలో ఉన్నారాయన. “పిల్లల గొడవలు మేడమ్. షీల్డు వస్తే అన్నీ అవే సర్దుకుంటాయి,” అన్నారు. మాస్టారి స్థానంలో పీటీ సార్‌ను వేశారు. ఆయనకు ఈల ఊదడం వచ్చు.

ఒక శుక్రవారం ప్రార్థనకు ఆ కుటుంబం రాలేదు. మా ఆయన, నేను వక్రా వెళ్ళాం. అమ్మాయి నాన్నే తలుపు తీశాడు. గడ్డం పెరిగి ఉంది.

“నేను చెప్పలేదండి టీచర్ గారూ,” అన్నాడు, మేం ఇంకా కూర్చోకముందే. “అన్నానండి. కోపంలో నోరు జారాను, ఒప్పుకుంటాను. అంతేగానీ ఒక మనిషి కడుపు కొట్టడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతానా? ఆయన నా ఇంట్లో భోంచేశాడండి. అదిగో, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.”

ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. “దాన్ని బ్యాండు మానిపించెయ్యండి టీచర్ గారూ,” అంది. “అన్నం సరిగ్గా తినట్లేదు. ఏ షీల్డూ వద్దు మాకు.”

నాకూ అదే మంచిదనిపించింది. అమ్మాయిని పిలిచి అడిగాను. ఆమె గోడకు ఆనుకొని, నేల చూస్తూ చెప్పింది.

“నేను మానేస్తే నిజమే అనుకుంటారు టీచర్.”

“అనుకుంటే అనుకోనీ అమ్మా.”

“ఆ రోజు బాగా వాయిస్తే వాళ్ళే మాట్లాడతారు. షీల్డు వస్తే మాట్లాడకుండా ఎలా ఉంటారు?”

ప్రిన్సిపాల్ మాట, పదహారేళ్ళ పిల్ల మాట ఒకటే అయ్యాయి. ఆమెను చూస్తుంటే కాదనడానికి నోరు రాలేదు. ఇంటికి వస్తూ కార్లో మా ఆయన, ఆ పిల్ల ధైర్యం చూశావా అన్నారు. నాకు అది ధైర్యంలా అనిపించలేదు. దారి కనపడని మనిషి ఎదురుగా ఉన్న ఒక్క తలుపునే పట్టుకు తోస్తున్నట్టు అనిపించింది.

పోటీ గురువారం మధ్యాహ్నం. గాలి చల్లగా ఉంది, ఎండ మాత్రం కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉంది. స్టేడియం సగానికి పైగా నిండింది. మాకు ముందు వాయించిన స్కూలు నడకలో తడబడింది. పీటీ సార్ నా చెవిలో, ఈసారి మనదే మేడమ్ అన్నారు. మా పిల్లలు తెల్లటి యూనిఫాంలలో, ఎర్ర నడికట్లతో బయల్దేరారు. ఎంత అందంగా వచ్చారంటే, మాస్టారు చూసి ఉంటే ఏ జనరల్ కథా చెప్పకుండా ఊరుకునేవారు. ఒక్క అడుగు తేడా లేదు. మైదానం మధ్యలో అర్ధచంద్రంగా విచ్చుకున్నారు. కర్ర పైకి లేచింది. అందరూ ఒక్కసారిగా ఆగారు. స్టాండ్సులో ఎవరో ఆహా అన్నారు.

ఆ అమ్మాయి రెండడుగులు ముందుకు వచ్చి వాయించింది.

ఎలా వాయించిందో రాయడం నాకు చేతకాదు. నేనే రాసిన వరస అది. అంత బాగుంటుందని నాకే తెలియదు. చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపారు. చివరి స్వరం దగ్గరికి వచ్చి, దాన్ని పొడుగ్గా పట్టి ఉంచింది. డ్రమ్ములు అక్కడ అందుకోవాలి.

అందుకోలేదు.

ఊపిరి ఉన్నంతసేపూ ఆమె ఆ స్వరాన్ని పట్టుకుంది. తర్వాత వదిలింది. మైదానమంతా నిశ్శబ్దం. తనే ఏదో తప్పు చేశాననుకుందేమో, చివరి భాగాన్ని మళ్ళీ మొదటి నుంచి వాయించింది. మళ్ళీ ఆ స్వరం దగ్గరికి వచ్చింది. మళ్ళీ పట్టి ఉంచింది. డ్రమ్ముల పిల్లలు కర్రలు పట్టుకొని శిలల్లా నిలబడ్డారు. ట్రంపెట్లు ఛాతీల దగ్గరే ఉన్నాయి. చివర నిలబడ్డ ఎనిమిదో తరగతి ఫ్లూటు పిల్ల మాత్రం ఫ్లూటు పెదవుల దాకా తెచ్చి, పక్కకు చూసి, దించేసింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఇది మరిచిపోవడం కాదు, తడబాటు కాదు. మాట్లాడుకొని చేస్తున్న పని. నెలల తరబడి నేర్చుకున్న దాంట్లో అంతమంది అంత కచ్చితంగా, ఒక్కరు కూడా వెనక మిగలకుండా చేసింది అదొక్కటే.

పోటీ జరుగుతుండగా టీచర్లు గీత దాటకూడదు. నేను దాటాను. ఎవరో వెనక నుంచి మేడమ్, మేడమ్ అని పిలుస్తున్నారు. ఆ మైదానం అంత పెద్దదని అప్పటిదాకా తెలియదు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఉంది. వాళ్ళందరినీ చూస్తోంది. ఒక్కొక్కళ్ళనూ చూస్తోంది. నేను భుజం మీద చెయ్యి వేసి, పద అమ్మా, వెళ్దాం అన్నాను.

“వెళ్ళిపోండి టీచర్,” అంది, నా వైపు చూడకుండా. “ఇంకా అయిపోలేదు.”

క్లారినెట్ నోట పెట్టుకొని, బ్యాండంతా కలిసి వాయించాల్సిన భాగం ఒక్కతే మొదలుపెట్టింది. వాయిస్తూ నడక మొదలుపెట్టింది, రిహార్సల్లో నేర్చుకున్న దారినే. మలుపు తిరగాల్సిన చోట తిరిగింది. ఆ ఖాళీ మైదానంలో ఆ సన్నటి శబ్దం గాలికి ఒకసారి వినపడి, ఒకసారి వినపడకుండా పోయింది. నేను కొంత దూరంలో ఆమె వెనకే నడిచాను. నడవడం తప్ప ఏం చేయాలో తెలియలేదు. ఆమె చివరి దాకా వాయించి, గీత దాటి, మెట్ల పక్కన కూర్చుంది.

జనం చప్పట్లు కొట్టారు. చాలామంది అది ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు. మా దగ్గర్లో ఒకావిడ, కొత్తగా ఉంది కదండీ అని పక్కావిడతో అంటుంటే నా చెవులతో విన్నాను.

అందరికంటే కింద మా పేరు చదివారు. తిరుగు బస్సులో డ్రమ్ మేజర్ అబ్బాయి నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు. మాస్టర్ కోసం చేశాం మేడమ్ అన్నాడు ఇంగ్లీషులో. మాకూ షీల్డు కావాలనే ఉండింది, అయినా వదులుకున్నాం అన్నాడు. వాడి ముఖంలో తప్పు చేశానన్న జాడ లేదు. ఏదో గొప్ప త్యాగం చేసినవాడిలా ఉన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. వెళ్ళి కూర్చో అన్నాను.

ఆ అమ్మాయి ఆ బస్సులో లేదు. వాళ్ళ నాన్న స్టేడియం నుంచే తీసుకుపోయాడు. మరుసటి వారం తల్లి వచ్చి క్లారినెట్ అప్పజెప్పింది. శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి తెచ్చింది. పరీక్షలవగానే తల్లీకూతుళ్ళు ఇండియా వెళ్ళిపోయి కాకినాడలో కాపురం పెట్టారు, తండ్రి ఒక్కడే ఉండిపోయాడు. శుక్రవారం ప్రార్థనలకు రావడం మానేశాడు. ప్రిన్సిపాల్ బ్యాండు ఎత్తేశారు. వాయిద్యాలన్నీ లాబొరేటరీ వెనక గదిలో పెట్టి తాళం వేశారు. పిల్లలకు శిక్షేమీ పడలేదు. మెరికల్లాంటి పిల్లలు, పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చాయి, శిక్షిస్తే ఎవరికి నష్టం అన్నారు.

నేను మళ్ళీ హార్మోనియం దగ్గరికి వచ్చాను. ప్రార్థన గీతం పాడుతున్న పిల్లల ముఖాలు చూస్తూ, వీళ్ళు తలూపినప్పుడు లోపల ఏముంటుందోనని ఆలోచించేదాన్ని. టీచరుకు రాకూడని ఆలోచన అది. వచ్చాక మళ్ళీ పోయేది కాదు.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో బస్సెక్కి కరీంనగర్ వెళ్ళాను. మాస్టారి ఊరి పేరు గుర్తుంది. అక్కడ అడిగితే ఇల్లు చూపించారు. నన్ను చూసి ఆయన ఎంత సంబరపడ్డారో చెప్పలేను. పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు పెట్టుకున్నారట. భార్యను కేకేసి పిలిచారు.

“దుబాయ్‌ల మా మేడం, చూడు,” అన్నారు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. ఆవిడ టీ తెచ్చి, “మస్తు చెప్తడమ్మా మీ పిల్లల ముచ్చట,” అంది.

కాసేపయ్యాక అడిగాను. “మాస్టారూ, ఆ రోజు మీ మీద చెప్పింది ఎవరో మీకు తెలిసిందా?”

“ఏం జెప్పిన్రు మేడం? ఎవరు?”

“మిమ్మల్ని పంపించేశారు కదా. ఎవరో చెప్పేశారని పిల్లలతో అన్నారు కదండీ మీరు.”

ఆయన గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించారు. “గట్లన్ననా?” అని నవ్వారు. “ఎవ్వలు చెప్పలే మేడం. కంపెనీల పని ఒడిసింది. క్యాంపుల సగం మందిని ఒక్కపారి తోలిండ్రు. అండ్ల నేనొకన్ని.”

“మరి అలా ఎందుకన్నారు?”

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. కొంచెం సిగ్గుపడ్డట్టున్నారు. “పిల్లలందరు సుట్టూత నిలవడ్డరు గద. పని లేదని ఉత్తగ తోలిండ్రంటే వాళ్ళ ముంగట చిన్నతనం అనిపించింది మేడం. ఏదో ఒకటి అన్న. గదంత ఇప్పుడు యాదికుంటదా?” అని, వెంటనే అడిగారు, “గా క్లారినెట్ పిల్ల ఎట్లుంది? ఆ దినం మంచిగ వాయించిందా?”

“బాగా వాయించిందండీ,” అన్నాను. “చాలా బాగా వాయించింది.”

“నాకెర్కే,” అన్నారాయన, భార్య వైపు గర్వంగా చూస్తూ.

జరిగింది ఆయనకు చెప్పలేదు. చెబితే ఎవరికి మేలు?

దోహా తిరిగొచ్చిన మొదటి శుక్రవారమే మా ఆయనను తీసుకొని వక్రా వెళ్ళాను. అమ్మాయి నాన్న అదే ఫ్లాటులో ఇద్దరు ఆఫీసువాళ్ళతో కలిసి ఉంటున్నాడు. ఆ రోజు వాళ్ళు బయటికి వెళ్ళారు. ఆయన బాగా చిక్కిపోయాడు. కరీంనగర్ సంగతి మొత్తం చెప్పాను.

“అయితే ఎవరూ చెప్పలేదన్నమాట,” అన్నాడు చివరికి.

“ఎవరూ చెప్పలేదండి.”

“మా అమ్మాయికి చెప్పండి టీచర్ గారూ. తనే నమ్మలేదండి నన్ను.” ఆయన చేతులు చూసుకుంటూ మాట్లాడాడు. “స్టేడియం నుంచి వస్తూ కార్లో అడిగింది, నాన్నా, నిజం చెప్పు, నువ్వేనా అని. నేను కాదమ్మా అన్నాను. సరే అంది. అప్పటి నుంచి నాతో ఆ సరే తప్ప ఇంకో మాట లేదండి. ఫోన్ చేస్తే వాళ్ళమ్మే మాట్లాడుతుంది. మీ మాటైతే నమ్ముతుంది.”

ఫోను హాల్లోనే ఉంది. ఆయనే నంబరు నొక్కి రిసీవరు నా చేతికిచ్చాడు. కాకినాడలో అప్పటికి సాయంత్రం అయి ఉంటుంది. ఆ అమ్మాయే ఎత్తింది. గొంతు మారలేదు, అదే మెల్లటి గొంతు. నేనెవరో చెప్పగానే టీచర్ అని ఆగిపోయింది. మాస్టారు చెప్పిందంతా చెప్పాను.

“నాన్న అక్కడే ఉన్నారా టీచర్?” అంది.

“ఉన్నారమ్మా. ఇదిగో ఇస్తున్నాను.”

“వద్దు టీచర్. ఇవ్వకండి.” ఊపిరి తీసుకోవడం వినపడింది. “రెండేళ్ళు నాన్నని ఏమేం అనుకున్నానో మీకు తెలియదు. ఇప్పుడేం మాట్లాడను? నాకు చేతకాదు టీచర్.”

ఫోన్ పెట్టేసింది.

ఆయన నా పక్కనే, రిసీవరు కోసం చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

“ఏమందండీ?”

“లైను కట్టయిందండి,” అన్నాను.

“ఇండియా లైన్లు అంతేనండి,” అన్నాడాయన. మళ్ళీ జాగ్రత్తగా, ఒక్కొక్క అంకె చూసుకుంటూ నంబరు నొక్కాడు. ఈసారి రిసీవరు తన చెవి దగ్గరే పెట్టుకున్నాడు. అటు మోగుతున్న శబ్దం నా దాకా వినపడుతూనే ఉంది. చాలాసేపు మోగింది.